తరగతులు ఆన్‌లైన్‌లో, ఫుట్‌బాల్ మైదానంలో: అమెరికా క్యాంపస్‌లు తెరవడంపై

చాపెల్‌హిల్ పరిశోధకుడు | 20 ఆగస్టు 2020

మా ఊళ్లో ఈ నెల 10న తరగతులు మొదలయ్యాయి, వారం తిరిగేసరికి ఆగిపోయాయి. నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయం నిన్నటి నుంచి డిగ్రీ పాఠాలన్నిటినీ ఆన్‌లైన్‌కు మార్చింది. మూడు డార్మ్‌లలో (హాస్టళ్లలో), ఒక ఫ్రాటర్నిటీ (అబ్బాయిల విద్యార్థి సంఘం) ఇంట్లో కోవిడ్ కేసులు గుంపులుగా బయటపడ్డాయి. పరీక్ష చేయించుకున్నవారిలో పాజిటివ్‌గా తేలినవారు వారంలోనే 2.8 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగారు. అసలు పిల్లలు ఊళ్లో దిగినప్పుడు అందరికీ పరీక్ష చేయాలన్న నిబంధనే పెట్టలేదు. నోటర్ డేమ్ రెండు వారాలు తరగతి గదులు మూసింది. మిషిగన్ స్టేట్ అయితే పిల్లలను బయలుదేరవద్దనే చెప్పేసింది.

నిన్న సాయంత్రం డార్మ్‌ల వైపు నడిచి వెళ్తుంటే ఒక తండ్రీ కూతురూ చిన్న ఫ్రిజ్‌ను మెట్ల మీదుగా దించుతున్నారు. కొన్నప్పటి స్టిక్కర్ ఇంకా దాని తలుపు మీదే ఉంది.

ఫుట్‌బాల్ షెడ్యూలు మాత్రం చెక్కుచెదరలేదు. సెప్టెంబర్ 12న ఇక్కడే సిరక్యూస్‌తో మొదటి ఆట. (మన వైపు నుంచి చదివేవారికి: ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని, బంతిని చేత పట్టి, ఒకరి మీద ఒకరు పడి ఆడేది.) ఇరవై మంది మాస్కులతో కూర్చునే తరగతికి పనికిరాని క్యాంపస్ ఈ ఆటకు ఎలా పనికొస్తుంది?

కొలంబస్ వాసి | 22 ఆగస్టు 2020

మీ ఆవేదన అర్థమైంది కానీ మీరు ఒక వైపే చూస్తున్నారు. మా బిగ్ టెన్ అనే పద్నాలుగు విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి ఈ నెల 11నే ఆట వాయిదా వేసింది. మీ దక్షిణాది కూటములు వేయలేదు. మేము పుణ్యాత్ములమని చెప్పడం లేదు. నా మటుకు నాకు ఆ నిర్ణయం తప్పనే అనిపించింది.

ఆడతామంటున్నది ఆటగాళ్లే. ఇళ్లకు పంపితే అక్కడ వైద్యం, పరీక్షలు ఉండవని, జట్టుతో ఉంటేనే తమకు మేలని క్లెమ్సన్ విశ్వవిద్యాలయ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) ట్రెవర్ లారెన్స్ చెప్పాడు. మా ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ ఆట జరపాలని విన్నపం పెడితే లక్షల్లో సంతకాలు వచ్చాయి.

డబ్బు సంగతి కూడా చూడండి. చాలా పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈత, టెన్నిస్, జిమ్నాస్టిక్స్ బతికేది ఫుట్‌బాల్ రాబడితోనే. ఐయోవా నిన్ననే నాలుగు క్రీడలను రద్దు చేస్తున్నట్టు చెప్పింది. స్టాన్‌ఫర్డ్ జూలైలోనే పదకొండింటిని తీసేస్తామంది. ఫుట్‌బాల్ ఆగితే ముందు రోడ్డున పడేది ఆ పిల్లలే.

ఓరుగల్లు పీడీ | 22 ఆగస్టు 2020

నేను వరంగల్‌లో డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ని. మార్చి నుంచి మా గేటుకు తాళమే. మైదానంలో మోకాలి ఎత్తు గడ్డి. కబడ్డీ మ్యాట్లు స్టోర్ గదిలో చుట్టిపెట్టి ఉంటే మొన్న వెళ్లి విప్పాను, రెండింటి అంచులను ఎలుకలు కొరికేశాయి. మా ఖోఖో జట్టులో సగం మంది ఊళ్లలో ఉపాధి హామీ పనికి వెళ్తున్నారు. వాళ్లకు పాఠాలు ఫోనులో వస్తున్నాయి, సిగ్నల్ ఉంటే.

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఈ సీజన్ ఆటగాళ్లకు అర్హత ఒక ఏడాది పెంచిందని చదివాను. మంచి పని. మా వాళ్లకు ఆ సౌకర్యం లేదు. చివరి సంవత్సరం పిల్లవాడికి ఈ ఏడాది అంతర విశ్వవిద్యాలయ పోటీల సర్టిఫికెట్ రాకపోతే రేపు స్పోర్ట్స్ కోటాలో చూపించడానికి ఏమీ ఉండదు. తెరవాలా వద్దా అన్న వాదన మా దాకా రాలేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

గుంటూరు అమ్మ | 25 ఆగస్టు 2020

మా అమ్మాయి ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చేస్తోంది. ఆట గురించి నాకు తెలియదు, ఒక విషయం మాత్రం చెప్పాలి. జూలై 6న పూర్తి ఆన్‌లైన్ చదువైతే విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వు ఇచ్చారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకు వెళ్లాయి. 14న వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్య రోజుల్లో మా ఇంట్లో అన్నం ఎవరికీ గొంతు దిగలేదు. వెళ్లిపోదామన్నా విమానాలు ఎక్కడివి?

అందుకే ఇక్కడ చాలా మంది 'క్యాంపస్ మూసేయాలని పిల్లలే ఎందుకు అడగరు' అని రాస్తుంటే నాకు కోపం వస్తుంది. మూసేయమని అడిగితే వీసాకు చేటు, తెరవమంటే ఆరోగ్యానికి చేటు అని మన పిల్లలు నోరు మూసుకున్నారు. ఉత్తర్వు పోయింది కానీ భయం పోలేదు.

బోస్టన్ బాబాయి | 25 ఆగస్టు 2020

తప్పంతా పిల్లలదే. పార్టీలు మానుకోలేరా? పర్‌డ్యూ ముప్పై ఆరు మందిని సస్పెండ్ చేసింది, మంచి పని చేసింది.

అర్బానా టీఏ | 26 ఆగస్టు 2020

బాబాయి గారూ, నేను ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో టీచింగ్ అసిస్టెంట్‌ని (టీఏ). పద్దెనిమిదేళ్ల వాళ్లను వేల మందిని ఒక ఊళ్లో దింపి, డార్మ్ అద్దె, భోజనం ఫీజు ముందే కట్టించుకుని, చుట్టూ బార్లు తెరిచి ఉంచి, తర్వాత 'పార్టీ చేసుకున్నారు' అని ఆశ్చర్యపడటం న్యాయమా? సస్పెండ్ చేయాల్సిన వాళ్లను చేయండి. కానీ పిల్లలు బుద్ధిగా ఉంటారన్న ఆశ మీదే ప్రణాళిక నిలబడితే, అది కూలినప్పుడు పిల్లలను ఒక్కరినే అనడం కుదరదు.

కార్నెల్ సంగతి చూడండి. అక్కడి ఆచార్యుడు పీటర్ ఫ్రేజియర్ బృందం లెక్క కట్టి, క్యాంపస్ మూసినా విద్యార్థులు అద్దె ఇళ్లలో ఉండటానికి ఎలాగూ ఊళ్లోకి వస్తారని, అప్పుడు వాళ్లకు పరీక్షలు తప్పనిసరి చేసే అధికారం విశ్వవిద్యాలయానికి ఉండదని, కాబట్టి తెరిచి తరచుగా పరీక్షించడమే క్షేమమని తేల్చింది. అదే కార్నెల్ ఉన్న ఐవీ లీగ్ కూటమి మాత్రం ఆటలను జూలై 8నే ఆపేసింది. అంటే క్యాంపస్‌నూ ఆటనూ ఒకే మూట కట్టనక్కర్లేదు.

హృదయ వైద్యుడు | 14 సెప్టెంబర్ 2020

గుండె గురించి చాలా మంది విడిగా అడిగారు, అందరికీ ఇక్కడే చెబుతాను. వైరస్ సోకినప్పుడు కొందరిలో గుండె కండరం వాస్తుంది, దాన్ని మయోకార్డైటిస్ అంటాం. కోవిడ్‌కే పరిమితం కాదు, ఇతర వైరస్‌లతోనూ వస్తుంది. మామూలు మనిషికి విశ్రాంతితో తగ్గిపోవచ్చు. అదే సమయంలో క్రీడాకారుడు పూర్తి బలంతో పరుగెత్తితే గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అందుకే ఇది తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆట వద్దంటాం.

మొన్న 11న ఒహాయో స్టేట్ వైద్యుల అధ్యయనం వచ్చింది. కోవిడ్ సోకిన 26 మంది క్రీడాకారులకు ఎంఆర్ఐ తీస్తే నలుగురిలో ఈ వాపును సూచించే గుర్తులు కనిపించాయి. ఆసుపత్రిలో చేరాల్సినంత జబ్బు ఎవరికీ రాలేదు. '15 శాతం' అని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. 26 మంది చాలా చిన్న సంఖ్య. కోవిడ్ సోకని క్రీడాకారులను పక్కన పెట్టి పోల్చనూ లేదు. కాబట్టి దీన్ని చూసి ప్రతి ఏడుగురిలో ఒకరికి గుండె జబ్బని బెంబేలు పడవద్దు. అలాగని కొట్టిపారేయవద్దు కూడా. సోకినవాడికి గుండె పరీక్ష చేయకుండా మైదానంలోకి దింపవద్దన్నంత వరకు మాత్రం ఇది చాలు.

కొలంబస్ వాసి | 16 సెప్టెంబర్ 2020

వచ్చేసింది! బిగ్ టెన్ మనసు మార్చుకుంది. అక్టోబర్ 23, 24 తేదీల్లో మొదలు. ఆటగాళ్లకు రోజూ యాంటిజెన్ పరీక్ష, పాజిటివ్ వస్తే 21 రోజుల దాకా ఆట లేదు, గుండెకు ఎంఆర్ఐ తప్పనిసరి. జట్టులో 5 శాతం దాటి పాజిటివ్ వస్తే ఆట, శిక్షణ రెండూ కనీసం వారం బంద్. ప్రేక్షకులకు టికెట్లు అమ్మరు. డాక్టర్ గారు చెప్పినవన్నీ ఉన్నాయి కదా, ఇక అభ్యంతరమేమిటి?

అర్బానా టీఏ | 17 సెప్టెంబర్ 2020

అభ్యంతరం చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

మా ఇల్లినాయ్‌లో వారానికి రెండుసార్లు అందరికీ లాలాజల పరీక్ష. ముందు కొంతసేపు ఏమీ తినకూడదు, తాగకూడదు, చూయింగ్ గమ్ కూడా వద్దు. టెంటులోకి వెళ్తే చిన్న గొట్టం ఇస్తారు. అందులో నురగ కాకుండా అసలు ఉమ్మి గీత దాకా నిండాలి. ఎదురుగా పదిమంది తలలు వంచుకుని అదే పని చేస్తుంటారు. మొదటిసారి నోరు ఎండిపోయింది, ఉసిరికాయ పచ్చడిని తలచుకుంటే కానీ గొట్టం నిండలేదు. ఆ గొట్టాలను 95 డిగ్రీల వేడి నీళ్లలో అరగంట ఉంచి, వైరస్‌ను చంపి, ఆర్‌ఎన్‌ఏను విడిగా వెలికితీసే మెట్టు లేకుండానే పీసీఆర్ చేస్తారు. ఖర్చూ సమయమూ తగ్గేది అక్కడే. రోజుకు పది వేలకు పైగా నమూనాలు. ఫోనులో అనుమతి గుర్తు చూపిస్తేనే భవనంలోకి ప్రవేశం.

ఇదంతా ఉన్నా ఈ నెల మొదట్లో కేసులు ఎగబాకాయి. రెండు వారాలు అవసరమైన పనులకు తప్ప బయటికి రావద్దన్నారు. మా భౌతిక శాస్త్ర ఆచార్యులు గోల్డెన్‌ఫెల్డ్, మాస్లోవ్ వేసిన లెక్కలో పార్టీలున్నాయి. పాజిటివ్ అని తెలిసీ పార్టీకి వెళ్లేవాళ్లు మాత్రం లేరు. ఈ ఒక్కచోట బాబాయి గారికి సగం మార్కులు. కానీ రోగం ఎక్కడుందో తెలిసింది కాబట్టి మళ్లీ దారిలోకి వచ్చింది.

ఇక్కడ పరీక్ష ఆటగాడికీ ఉంది, మెస్‌లో వడ్డించేవాడికీ ఉంది, నాకూ ఉంది. బిగ్ టెన్ నిన్న ప్రకటించిన రోజువారీ పరీక్షల ఏర్పాటు జట్లకు. అదే కూటమిలోని ఎన్ని క్యాంపస్‌లలో మామూలు విద్యార్థికి లక్షణాలు లేకుండా పరీక్ష దొరుకుతోంది? ఆట జరగవద్దని నేను అనడం లేదు. పరీక్షలు చేయగలిగిన స్తోమత ఉందని తేలిపోయింది కాబట్టి, అది ఎవరి కోసం బయటికి వచ్చిందో చూడమంటున్నాను.

గుంటూరు అమ్మ | 17 సెప్టెంబర్ 2020

బాబూ, నువ్వన్నదానికి సాక్ష్యం ఆన్ ఆర్బర్‌లోనే ఉంది. అక్కడ పాఠాలు చెప్పే పరిశోధక విద్యార్థుల సంఘం ఈ నెల 8 నుంచి సమ్మె చేసింది. విస్తృతంగా పరీక్షలు చేయాలని, ఇంటి నుంచి బోధించే హక్కు కావాలని వారి కోరికలు. విశ్వవిద్యాలయం సమ్మె ఆపించమని కోర్టుకెక్కింది. నిన్న, 16న, సంఘం రాజీకి ఒప్పుకుంది. ఆట జరుగుతుందన్న ప్రకటన కూడా నిన్ననే. రెండు వార్తలూ మా అమ్మాయి ఒకేసారి పంపింది, పక్కన ఏమీ రాయలేదు.

కొలంబస్ వాసి | 18 సెప్టెంబర్ 2020

అమ్మా, దానికి నా దగ్గర జవాబు లేదని కాదు. ఆ పరీక్షల డబ్బు టీవీ ప్రసారాల రాబడి నుంచి వస్తుంది. ఆట లేకపోతే ఆ డబ్బే లేదు, అప్పుడు ఎవరికీ పరీక్ష లేదు.

చాపెల్‌హిల్ పరిశోధకుడు | 18 సెప్టెంబర్ 2020

అంటే ఆ పిల్లలు సంపాదిస్తున్నారని ఒప్పుకున్నట్టే కదా. జీతం ఎక్కడ? శిక్షకుడికి ఏటా మిలియన్లు, ఆటగాడికి స్కాలర్‌షిప్. ఉద్యోగి అయితే పని స్థలంలో జబ్బు చేస్తే పరిహారం అడగగలడు. 'విద్యార్థి' కాబట్టి అడగలేడు. మరి విద్యార్థి అయితే మిగతా విద్యార్థులతో పాటు ఇంటికి వెళ్లాలి కదా! మా ఊళ్లో 12న ఆట జరిగింది. 31–6తో గెలిచాం. డార్మ్‌లు చాలావరకు ఖాళీ.

నిర్వాహకుడు | 18 సెప్టెంబర్ 2020

అధ్యక్షుడు ట్రంప్ సెప్టెంబర్ 1న బిగ్ టెన్ కమిషనర్ కెవిన్ వారెన్‌తో ఫోనులో మాట్లాడిన సంగతి మీద వచ్చిన వ్యాఖ్యలు తొలగించాను. వార్త నిజమే. ఎన్నికల వాదానికి వేరే చోటు ఉంది.

గుంటూరు అమ్మ | 25 అక్టోబర్ 2020

20న ఆన్ ఆర్బర్ ఉన్న కౌంటీ ఆరోగ్య శాఖ మిషిగన్ విశ్వవిద్యాలయ డిగ్రీ విద్యార్థులను రెండు వారాలు ఇళ్లలోనే ఉండమంది. అక్కడి కేసుల్లో 60 శాతానికి పైగా విశ్వవిద్యాలయ విద్యార్థులవేనట. జట్టుకు మినహాయింపు ఇచ్చారు. నిన్న మిన్నెసోటా వెళ్లి ఆడి గెలిచి వచ్చారు. మా అమ్మాయి ఎం.ఎస్. కాబట్టి ఆ ఉత్తర్వు తనకు వర్తించదు. అయినా నెలకు సరిపడా బియ్యం, కందిపప్పు తెచ్చి పెట్టుకుంది. అమ్మ కూతురే.

హృదయ వైద్యుడు | 25 అక్టోబర్ 2020

ఆరోగ్య శాఖ వైపు నుంచి చూస్తే ఆ మినహాయింపులో తర్కం ఉంది: రోజూ పరీక్షించేవారి గురించి తెలుస్తుంది, మిగతావారి గురించి తెలియదు. తెలియనివారిని ఇంట్లో ఉంచారు. టీఏ గారి వాదనకు ఇది బలమే కానీ వ్యతిరేకం కాదు. ఒక హెచ్చరిక: యాంటిజెన్ పరీక్ష వేగంగా ఫలితమిస్తుంది కానీ సోకిన తొలి రోజుల్లో పట్టుకోలేకపోవచ్చు. ఉదయం నెగటివ్ వచ్చింది కదా అని సాయంత్రం ఒకే గదిలో మాస్కు తీసి భోజనం చేస్తే ప్రయోజనం లేదు.

కొలంబస్ వాసి | 1 నవంబర్ 2020

విస్కాన్సిన్ ఒక్క ఆట ఆడిందో లేదో క్వార్టర్‌బ్యాక్‌కు పాజిటివ్, శిక్షకుడికి పాజిటివ్. నెబ్రాస్కాతో నిన్నటి ఆట రద్దు. డాక్టర్ గారి మాట ఫలించినందుకు ఆయన మీద కోపంగా ఉంది.

అర్బానా టీఏ | 9 నవంబర్ 2020

నోటర్ డేమ్ శనివారం రాత్రి క్లెమ్సన్‌ను 47–40తో ఓడించగానే విద్యార్థులు వేలల్లో మైదానంలోకి ఉరికారు. టీవీలో చూశారా? అక్కడి అధ్యక్షుడు ఫాదర్ జెన్‌కిన్స్ కోపంగా లేఖ రాసి, సెలవులకు వెళ్లేముందు పరీక్ష చేయించుకోకపోతే తర్వాతి సెమిస్టర్ నమోదు ఆపుతామన్నారు. మాస్కు లేకుండా శ్వేతసౌధం వేడుకలో కూర్చుని, తర్వాత పాజిటివ్ తేలి, క్షమాపణ చెప్పినదీ ఆయనే. పిల్లలు ఆ లేఖను ఎంత శ్రద్ధగా చదివి ఉంటారో!

రాజమండ్రి లెక్చరర్ | 12 నవంబర్ 2020

ఆంధ్రప్రదేశ్‌లో 2వ తేదీ నుంచి కాలేజీలు తెరిచారు. యూజీసీ మార్గదర్శకాలు 5న వచ్చాయి, అంటే మేము పాఠం మొదలుపెట్టాక. గేటు దగ్గర నుదుటికి థర్మామీటర్ తుపాకీ, చేతిలో శానిటైజర్ చుక్క, బెంచీకి ఒకరు, తరగతిని విభజించి వంతులవారీగా. మీ ఉమ్మి గొట్టాల కథ మా స్టాఫ్ రూములో చదివి వినిపిస్తే కెమిస్ట్రీ మేడమ్ 'మన ల్యాబులో వాటర్ బాత్ ఉంది' అన్నారు. నవ్వుకున్నాం కానీ ఆవిడ నవ్వలేదు. ఆటల పీరియడ్ ఊసే లేదు.

ఓరుగల్లు పీడీ | 16 డిసెంబర్ 2020

ఐఐటీ మద్రాసులో వందకు పైగా కేసులట. ఉన్నదే కొద్దిమంది విద్యార్థులు, అయినా అందరూ ఒకే మెస్‌లో తినడం వల్ల పాకి ఉండవచ్చంటున్నారు. మేము మైదానాల గురించి భయపడుతున్నాం, అంటుకునేది అన్నం దగ్గర.

కొలంబస్ వాసి | 16 డిసెంబర్ 2020

మంచి మాట అన్నారు పీడీ గారూ. నా గోడు కూడా వినండి. 12న జరగాల్సిన మిషిగన్–ఒహాయో స్టేట్ పోటీ రద్దయింది, వాళ్ల జట్టులో కేసులు. 1918 నుంచి ఏటా జరుగుతున్న ఆట అది. ఇన్‌ఫ్లుయెంజా సాగుతున్న 1918 నవంబర్‌లో కూడా ఆడారు!

ఇంకో సంగతి. ఛాంపియన్‌షిప్‌కు కనీసం ఆరు ఆటలు ఆడాలని బిగ్ టెన్ నియమం పెట్టుకుంది. మావాళ్లు ఐదే ఆడారు. 9న నియమం తీసేసి మమ్మల్ని పంపారు. అభిమానిగా ఎగిరి గంతేశాను. తర్వాత మా అబ్బాయి అడిగాడు: 'నాన్నా, నేను ల్యాబులు రెండు తక్కువ చేస్తే నియమం మారుస్తారా?' వాడి విశ్వవిద్యాలయం వేరు, ల్యాబులన్నీ కంప్యూటర్ తెర మీదే. ఫీజు మాత్రం తగ్గలేదు.

చాపెల్‌హిల్ పరిశోధకుడు | 17 డిసెంబర్ 2020

మీ అబ్బాయిని ఈ చర్చలో చేర్పించండి.

ఓరుగల్లు పీడీ | 13 జనవరి 2021

ముందుగా కొలంబస్ వాసి గారికి సానుభూతి, జాతీయ ఫైనల్లో మీ ఒహాయో స్టేట్ అలబామా చేతిలో 52–24తో ఓడిందని చూశాను.

తెలంగాణలో ఫిబ్రవరి 1 నుంచి కాలేజీలు తెరుస్తామని ముఖ్యమంత్రి సమావేశంలో నిర్ణయించారు. మా హాస్టల్‌లో అరవై మంది దాకా వస్తారు, అందులో జట్ల పిల్లలే సగం. టీఏ గారూ, పెద్ద యంత్రాంగం లేకుండా మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

అర్బానా టీఏ | 13 జనవరి 2021

ఉంది, పీడీ గారూ. కేసులు తక్కువగా, 2 శాతం లోపు ఉన్న చోట ఐదుగురి నమూనాలను కలిపి ఒకే పీసీఆర్ చేయడానికి ఐసీఎంఆర్ కిందటి ఏప్రిల్‌లోనే ఒప్పుకుంది. నెగటివ్ వస్తే ఐదుగురూ నెగటివే, పాజిటివ్ వస్తేనే విడివిడిగా చేస్తారు. అరవై మందికి పన్నెండు పరీక్షలతో మొదలుపెట్టవచ్చు. ఏ ల్యాబ్ చేస్తుందో జిల్లా వైద్యాధికారిని అడగండి. భోజనాలను మూడు వంతులుగా విడగొట్టి, వీలైతే ఆరుబయట పెట్టించండి. ఖోఖో ప్రాక్టీసు బయటే కాబట్టి ఎప్పుడూ అదే చిన్న బృందాలతో ఆడించండి, జట్లను కలపవద్దు. కబడ్డీ ఊపిరి మీద నడిచే ఆట, దాన్ని చివరికి ఉంచండి.

హృదయ వైద్యుడు | 13 జనవరి 2021

ఇప్పటికే కోవిడ్ వచ్చి తగ్గిన పిల్లలను మొదటి రోజే పరుగెత్తించవద్దు. నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ ఉంటే ఈసీజీ తీయించండి. మీ దగ్గర ఎంఆర్ఐ కుదరకపోయినా ఈసీజీ దొరుకుతుంది.

ఓరుగల్లు పీడీ | 14 జనవరి 2021

వైద్యాధికారి గారిని కలిశాను. కలిపి పరీక్షించడానికి అభ్యంతరం లేదన్నారు, కిట్ల ఖర్చు కాలేజీయే చూసుకోవాలన్నారు. ప్రిన్సిపాల్ గారు క్రీడల నిధిలోంచి తీసుకోమంటున్నారు. అందులో ఉన్నది ఎలుకలు కొరికిన మ్యాట్లకు కూడా చాలదు.

కొలంబస్ వాసి | 14 జనవరి 2021

ఈ ఏడాది నా సీజన్ టికెట్ డబ్బు వాపసు వచ్చింది. ఎలా పంపాలో చెప్పండి పీడీ గారూ. మ్యాట్లు కాదు, ముందు పరీక్షలకు.

నిర్వాహకుడు | 14 జనవరి 2021

విరాళాల వివరాలు ఇక్కడ రాయకూడదు, ఇద్దరూ విడిగా సందేశాలు పంపుకోండి. పీడీ గారూ, మొదటి విడత ఫలితాలు వచ్చాక ఇక్కడే రాయండి, చర్చ తెరిచే ఉంచుతాను.